రేసు కార్ల చదువు: స్థలం అమ్మే ముందు ఒక్క మాట

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత వచ్చే శుక్రవారాల్లో మసీదు మెట్ల మీద మాటలన్నీ పిల్లల చదువుల చుట్టూనే తిరుగుతుంటాయి. అలాంటి ఒక జుమా రోజున, నమాజు ముగిసి అందరూ చెప్పులు వెతుక్కుంటుండగా, హైదరాబాద్ ఆటోనగర్‌లో లారీల రిపేరు షెడ్డు నడిపే ఒక పెద్దమనిషి మా దగ్గరికి వచ్చారు.

"భాయ్, మావాడు ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యాడు. బ్రిటన్ వెళ్ళి మోటార్‌స్పోర్ట్ ఇంజనీరింగ్ చదువుతానంటున్నాడు. రేసు కార్లు తయారుచేసే చదువట. నాకు ఇంటి స్థలం ఒకటుంది, అమ్మేస్తాను. మిగతాది బ్యాంకు ఇస్తుందని ఏజెంటు అంటున్నాడు. పంపించమంటారా?" అని అడిగారు. పదో తరగతి చదివే కూతురు కూడా ఉందని, ఆమె చదువుకీ, పెళ్ళికీ ఉన్న ఆధారం ఆ స్థలమేనని మాటల్లో తెలిసింది.

ఆ పిల్లవాడి మనసులో ఈ విత్తనం ఎక్కడ పడిందో ఊహించడం కష్టం కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. తండ్రి షెడ్డులో పానాలు అందిస్తూ పెరిగిన పిల్లవాడు ఆ కార్లను చూసి కలలు కనడంలో వింతేముంది? మేము ఆయనకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. ఆ తరువాత తెలుసుకున్నదీ, ఆలోచించి చెప్పినదీ ఇతర తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాము.

ఇది ఆటా, విద్యా?

ఆయన మొదటి సందేహం ధర్మానికి సంబంధించినదే. రేసులంటే జూదం, మద్యం ప్రకటనలు గుర్తొస్తాయి కదా అన్నారు. ఆ జాగ్రత్త ఉండవలసిందే. ఏ సంస్థలో చేరినా అక్కడి సంపాదన, పరిసరాలు ఎలాంటివో చూసుకోవడం విశ్వాసి బాధ్యత. అయితే విద్య వేరు, దాని చుట్టూ చేరిన వ్యాపారం వేరు. 2004 నుంచి ఫార్ములా వన్ పందేలు జరుగుతున్న బహ్రెయిన్‌లో విజేతలకు షాంపేన్‌కు బదులు గులాబీనీటి పానీయం ఇస్తారు. ప్రపంచ మోటారు క్రీడలను నడిపించే ఎఫ్ఐఏ సంస్థకు 2021 డిసెంబరులో అధ్యక్షుడిగా ఎన్నికైన మహమ్మద్ బెన్ సులాయెమ్ ఎమిరేట్స్‌కు చెందినవారు.

యంత్రవిద్య మనకు పరాయిదీ కాదు. దావూద్ (అలై) చేతిలో ఇనుము మెత్తబడిన వృత్తాంతం, ఆయనకు కవచాల తయారీ నేర్పిన సంగతి దివ్య ఖుర్ఆన్ చదివే ప్రతి ఇంటికీ తెలుసు. నేటి టర్కీలోని దియార్‌బకిర్‌లో, అర్తుకీ పాలకుల కొలువులో పనిచేసిన అల్ జజరీ 1206లో పూర్తిచేసిన యంత్రాల గ్రంథంలో నీళ్ళు తోడే ఒక యంత్రాన్ని వర్ణించారు. తిరిగే చక్రం కదలికను అటూ ఇటూ ఆడే పంపు కదలికగా క్రాంకు ద్వారా మార్చే ఏర్పాటు అందులో ఉంది. లారీ ఇంజన్‌లో అదే తిరగేసి జరుగుతుంది. పిస్టన్ పైకీ కిందికీ ఆడి క్రాంక్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆ పెద్దమనిషి ముఖంలో కనిపించిన సంతోషం మేము మరచిపోలేము.

బ్రిటన్‌లోనే ఎందుకు?

ఈ చదువుకు బ్రిటన్ పుట్టిల్లు వంటిది. ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొలి పందెం 1950 మే 13న అక్కడి సిల్వర్‌స్టోన్‌లో జరిగింది. మెక్‌లారెన్ వోకింగ్‌లో, విలియమ్స్ గ్రోవ్‌లో, మెర్సిడెస్ బ్రాక్లీలో, రెడ్‌బుల్ మిల్టన్ కీన్స్‌లో ఉన్నాయి. ఇటలీలోని మారనెల్లోలో ఉన్న ఫెరారీ వంటివి తప్ప పెద్ద జట్లలో అధికభాగం దక్షిణ ఇంగ్లండ్‌లోనే కార్లు తయారుచేస్తాయి. వాటికి విడిభాగాలు చేసే చిన్న కర్మాగారాలు చుట్టుపక్కల అల్లుకుని ఉండటంతో ఆ ప్రాంతానికి మోటార్‌స్పోర్ట్ వ్యాలీ అనే పేరు వచ్చింది. అందుకే కొవెంట్రీ, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ వంటి విశ్వవిద్యాలయాలు ఈ పేరుతోనే డిగ్రీలు పెట్టాయి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ వేరు, ప్రసిద్ధమైన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వేరు. ఏజెంటు 'ఆక్స్‌ఫర్డ్' అన్నప్పుడు ఏది అని అడగాలి. బ్రూక్స్ తక్కువదని కాదు, ఈ రంగంలో దానికి మంచి పేరే ఉంది. దేనికి డబ్బు కడుతున్నామో తెలిసి కట్టాలని మా ఉద్దేశం.

పేరు కంటే పునాది ముఖ్యం

కోర్సు లోపలికి తొంగిచూస్తే తెలిసేదేమిటంటే, మొదటి సంవత్సరాల పాఠాలు చాలావరకు మెకానికల్ ఇంజనీరింగ్ పాఠాలే. గణితం, బలాలు, ఉష్ణగతిశాస్త్రం, లోహాల గుణాలు, డిజైను. ఆ తరువాతే వాహనం మలుపులో ఎలా ప్రవర్తిస్తుంది, గాలి దానిని నేలకు ఎలా అదుముతుంది, కార్బన్ ఫైబర్‌తో శరీరం ఎలా కడతారు, సెన్సార్లు పంపే లెక్కలను ఎలా చదవాలి అన్నవి వస్తాయి.

ఈ రంగంలో పేరుపొందినవారు ఏం చదివారో చూద్దాం. కార్ల రూపశిల్పిగా ప్రపంచ ప్రసిద్ధుడైన అడ్రియన్ న్యూవీ సౌతాంప్టన్‌లో విమాన శాస్త్రం చదివి 1980లో పట్టా పుచ్చుకున్నారు. రెడ్‌బుల్ జట్టుకు పందెపు వ్యూహాలు రచించి పేరు తెచ్చుకున్న హన్నా ష్మిట్జ్ కేంబ్రిడ్జ్‌లో మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. 2025లో హాస్ జట్టులో లారా మ్యూలర్ ఫార్ములా వన్‌లో పూర్తిస్థాయి రేస్ ఇంజనీరుగా పనిచేసిన తొలి మహిళ అయ్యారు. అంటే రేసు జట్టు గుమ్మం తెరవడానికి పట్టా మీద 'మోటార్‌స్పోర్ట్' అన్న మాట ఉండి తీరాలని లేదు. ఇది అబ్బాయిల చదువే అనుకోవడానికీ వీల్లేదు. ఆ పదో తరగతి అమ్మాయిని కూడా దృష్టిలో పెట్టుకునే ఈ మాట అంటున్నాము.

2026లో ఫార్ములా వన్‌లో ఉన్న జట్లు 11 మాత్రమే. 2021 నుంచి జట్ల ఖర్చుకు పరిమితి కూడా విధించారు. ప్రపంచమంతటి నుంచి పట్టభద్రులు వాటికే దరఖాస్తు పెడతారు. అక్కడ చోటు దొరకనివాడు మామూలు కార్ల కంపెనీలోనో, విమానాల పరిశ్రమలోనో పని వెతుక్కోవాలి. విశాలమైన మెకానికల్ పట్టా ఆ దారులన్నిటినీ తెరిచి ఉంచుతుంది. ఇరుకైన పేరున్న పట్టాకు ప్రతి చోటా సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు.

అడగవలసిన ప్రశ్నలు

అయినా డిగ్రీకే వెళ్తామనుకునే వారు విశ్వవిద్యాలయాన్ని నేరుగా ఈ ప్రశ్నలు అడగాలి. ఈ కోర్సుకు అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థ (ఐమెక్‌ఈ) వంటి వృత్తి సంస్థ గుర్తింపు ఉందా, ఏ సంవత్సరం వరకు ఉంది? ఇచ్చేది బీఇంజా, ఎంఇంజా, లేక గణితం పాలు తక్కువగా ఉండే టెక్నాలజీ డిగ్రీయా? మధ్యలో ఏడాదిపాటు కంపెనీలో పనిచేసే అవకాశం ఉందా, నిరుడు ఎంతమంది విదేశీ విద్యార్థులకు ఆ చోటు దొరికింది? వర్క్‌షాపులోకి మొదటి ఏడాది నుంచే రానిస్తారా? ఫార్ములా స్టూడెంట్ జట్టు ఉందా?

ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే విలువైనది. ఫార్ములా స్టూడెంట్ అనేది 1998 నుంచి బ్రిటన్‌లో జరుగుతున్న విద్యార్థుల పోటీ. పిల్లలే ఒంటి సీటు రేసు కారును డిజైను చేసి, తయారుచేసి తీసుకురావాలి. వేగానికి మాత్రమే మార్కులుండవు. డిజైను ఎందుకలా చేశారో నిపుణుల ఎదుట చెప్పాలి, ఖర్చు లెక్క అప్పగించాలి, సుమారు 22 కిలోమీటర్లు కారు ఆగకుండా నడవాలి. బోల్టు సరిగా బిగించని జట్టు అక్కడే ఇంటిముఖం పడుతుంది.

డబ్బు, వడ్డీ, వీసా

విదేశీ విద్యార్థులకు ఇంజనీరింగ్ ఫీజు చాలాచోట్ల ఏడాదికి 15 వేల పౌండ్లకు పైమాటే. తిండి, అద్దె వేరు. పౌను వంద రూపాయలు దాటి ఉన్నప్పుడు మూడేళ్ళకు ఫీజు ఒక్కటే 45 లక్షలు దాటుతుంది. చదువయ్యాక ఉండి పని వెతుక్కోవడానికి ఇచ్చే రెండేళ్ళ గడువును, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే డిగ్రీ, పీజీ వారికి 18 నెలలకు తగ్గించారు. ఆపైన ఉండాలంటే ప్రభుత్వ అనుమతి ఉన్న యజమాని ఉద్యోగమివ్వాలి, జీతం నిర్ణీత మొత్తానికి తగ్గకూడదు. ఆ మొత్తాన్ని 2024లో ఒకసారి, 2025లో మరోసారి పెంచారు. ఏజెంటు చెప్పే తియ్యని మాటల్లో ఈ లెక్కలు కనిపించవు.

ఇక వడ్డీ సంగతి. వడ్డీ నిషిద్ధమన్న విషయంలో ముస్లిములకు రెండో అభిప్రాయం లేదు. 'అందరూ తీసుకుంటున్నారు' అన్నది సమాధానం కాదు. అప్పు తప్పదనిపిస్తే, సంతకం పెట్టకముందే విశ్వసనీయుడైన ముఫ్తీ ముందు పరిస్థితి మొత్తం ఉన్నదున్నట్టు చెప్పి అడగాలి. సంతానం మధ్య న్యాయంగా ఉండాలన్నది దైవప్రవక్త (స) బోధ. ఒకరి కల కోసం ఇంకొకరి భాగాన్ని వారికి తెలియకుండా ఖర్చుచేయడం ఆ న్యాయానికి సరిపోదు.

ఇక్కడే మొదలుపెట్టవచ్చు

మరి ఆ పిల్లవాడి కల ఏమైపోవాలి? దాన్ని చంపవద్దనే మేము చెప్పాము. ఎప్‌సెట్ ర్యాంకుతో ఇక్కడే మెకానికల్‌లో చేరవచ్చు. 1980లో ఏర్పడిన ముఫఖం జా కళాశాల వంటి మైనారిటీ సంస్థల్లోనూ ఆ శాఖ ఉంది. విద్యార్థులు రేసు కార్లు తయారుచేసే పోటీలు మన దేశంలోనూ జరుగుతున్నాయి. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వేలో ఫార్ములా భారత్, మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో 2007లో మొదలైన బాహా పోటీ అలాంటివే. కళాశాలలో చేరేముందు అక్కడ ఈ జట్టు ఉందో లేదో కనుక్కోవాలి. రాత్రి రెండింటిదాకా వర్క్‌షాపులో కూర్చుని, పోటీలో కారు ఆగిపోయి, మరుసటి ఏడాది మళ్ళీ కూర్చున్న పిల్లవాడికి అది మోజా, నిజమైన ప్రేమా అన్నది తనకే తెలిసిపోతుంది.

అప్పటికీ ఆసక్తి నిలిస్తే, పీజీకి బ్రిటన్ వెళ్ళవచ్చు. పీజీ విద్యార్థులనే చేర్చుకునే క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో మోటార్‌స్పోర్ట్ ఇంజనీరింగ్ ఎంఎస్సీ ఉంది. అది ఒక్క ఏడాది చదువు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థుల కోసం ప్రారంభించిన విదేశీ విద్యా పథకం కూడా పీజీకి, పరిశోధనకే గాని డిగ్రీకి కాదు. ఆదాయ పరిమితి వంటి నిబంధనలు ఆ ఏటివి చూసుకుని దరఖాస్తు చేయాలి. పట్టా చేతికొచ్చేసరికి చెల్లెలి ఇంటర్ కూడా పూర్తవుతుంది. స్థలం ఎవరికెంత అన్నది అప్పుడు అందరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.

ఈ మాటలు విన్న పిల్లవాడు మొదట ముఖం ముడుచుకున్నాడు. "నాలుగేళ్ళు ఆలస్యమవుతుంది కదా చాచా?" అన్నాడు. ఆలస్యం కాదు బేటా, ఆ నాలుగేళ్ళూ చదివేది అదే పాఠం అన్నాము. తండ్రి షెడ్డు వైపు చూపించి, గేర్‌బాక్సు శబ్దం విని లోపల ఏ పన్ను అరిగిందో చెప్పే విద్య ఎంతోమంది విద్యార్థులకు దొరకనిదని కూడా చెప్పాము. ముందు తెలిసినవారిని సంప్రదించి, ఆపైన రెండు రకాతులు నఫిల్ చదివి ఇస్తిఖారా చేసుకోమన్నాము. విచారణ మానేసి ఇస్తిఖారా ఒక్కటే చేయడం, ఒంటెను కట్టకుండా దైవం మీద భారం వేయడం వంటిదే.

రెండు వారాల తరువాత జుమాకు తండ్రీ కొడుకులు కలిసి వచ్చారు. పిల్లవాడి జేబులో మడిచిన కాగితం ఉంది. నాలుగు కళాశాలల పేర్లు, ప్రతి దాని ఎదుటా 'కారు జట్టు ఉందా?' అని రాసుకున్నాడు. రెండింటి ఎదుట 'ఉంది' అని ఉంది. "స్థలం కాగితాలు మళ్ళీ బీరువాలో పెట్టేశాను భాయ్" అన్నారు తండ్రి.

మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, హలాలైన జీవనోపాధిని, తల్లిదండ్రులకు సరైన నిర్ణయం తీసుకునే వివేకాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.