సలాం చెప్పి వచ్చే మోసం

జనగామలో ఇత్తడి సామాను దుకాణం నడిపే మా పరిచయస్థుడొకరికి గత ఏడాది ఒక ఈ-మెయిల్ వచ్చింది. మొదటి మాటే 'అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహ్'. జిద్దాలో కడుతున్న ఓ హోటల్ గోడలకు పెంబర్తి పనితనం గల పళ్లేలు మూడొందలు కావాలట. బేరం కూడా ఆడలేదు, చెప్పిన ధరకే ఒప్పుకున్నారు. రెండో మెయిల్‌లో ముప్పాతిక సొమ్ము పంపేశామంటూ బ్యాంకు రసీదు జత చేశారు. అసలు సంగతి మూడో మెయిల్‌లో బయటపడింది. ఆ సొమ్ము విడుదల కావాలంటే రిజిస్ట్రేషన్ రుసుము కింద 18,500 రూపాయలు ఇక్కడి నుంచి కట్టాలి. ఇన్‌షా అల్లాహ్, సాయంత్రంలోగా కట్టేయండి!

ఆయన కట్టడానికి సిద్ధపడ్డారు. డిగ్రీ చదివే కూతురు "అబ్బా, ఒక్క నిమిషం ఆగండి" అని ఫోను తీసుకుని, పంపినవారి పేరు మీద వేలు పెట్టి చూపించింది. పైకి కనిపించేది పెద్ద హోటల్ పేరు. దాని చాటున ఉన్నది ఎవరైనా ఐదు నిమిషాల్లో ఉచితంగా తెరుచుకోగల జీమెయిల్ ఖాతా. కొనేవాడు మనకు డబ్బివ్వాలి గాని, మనమే వాడికి ఎదురు కట్టడమేమిటని ఆ అమ్మాయి అడిగితే తండ్రి దగ్గర జవాబు లేదు. "సలాం చూసి నమ్మేశాను" అన్నారాయన మాతో.

మా బాధంతా అక్కడే ఉంది. ఎదుటివారికి శాంతి కోరుతూ మనం చెప్పుకునే మాటను ఎరగా గుచ్చుతున్నారు. అనాథల పేరుతో, జకాత్ పేరుతో, చవక ఉమ్రా పేరుతో వచ్చే ఉత్తరాలూ ఈ కోవలోవే. నమ్మదగని మనిషి వార్త తెస్తే ముందు నిజానిజాలు తేల్చుకోవాలనీ, లేకుంటే తెలియక తప్పు చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ హుజురాత్ సూరా మనకు నేర్పింది. ఒట్టి వార్తకే అంత విచారణ అవసరమైతే, పిల్లల ఫీజు కోసం దాచిన డబ్బు అడిగే ఉత్తరానికి ఎంత అవసరం!

చదువు రానివారే మోసపోతారనుకుంటే పొరపాటు. హైదరాబాద్‌లోని మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు సంగతే చూడండి. 2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు రెండొందలకు పైగా దొంగ మెయిళ్లు వచ్చాయి. ఇద్దరు ఉద్యోగులు వాటిని తెరిచారు. అంతే, వాళ్ల కంప్యూటర్లలోకి దొంగ ప్రోగ్రాం దూరింది. వాళ్లు ఏ మీట నొక్కినా ఎక్కడో కూర్చున్నవాడికి తెలిసిపోయింది. 2022 జనవరిలో ఒక వారాంతంలో 12 కోట్ల 48 లక్షల రూపాయలు వందకు పైగా ఖాతాల్లోకి తరలిపోయాయి. ఇదంతా హైదరాబాద్ పోలీసుల దర్యాప్తులో తేలిన విషయం. భద్రతా ఏర్పాట్లలో లోపాలకు ఆ బ్యాంకుకు రిజర్వు బ్యాంకు 2023లో 65 లక్షల జరిమానా కూడా వేసింది.

ఇంకా పెద్ద సంస్థ ఓఎన్‌జీసీ. 2015లో వారికి విదేశీ కొనుగోలుదారు నుంచి రావలసిన సుమారు 197 కోట్ల రూపాయలు దొంగల ఖాతాకు చేరాయని వార్తలు వచ్చాయి. దొంగలు చేసిందల్లా ఓఎన్‌జీసీ మెయిల్ చిరునామాలో రెండక్షరాలు అటూ ఇటూ మార్చడమే. 'ఎన్-జీ' ఉండవలసిన చోట 'జీ-ఎన్' పెట్టారు. కంటికి ఆనలేదు. అందుకే చిరునామాలో ఎట్ గుర్తు తర్వాతి భాగాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవమంటాం. పాత ఖాతాదారు ఉన్నట్టుండి బ్యాంకు ఖాతా మారిందని రాస్తే, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాక, మన పుస్తకంలో ఎప్పటినుంచో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి.

భూపాలపల్లిలో మేము కలిసిన ఓ యువకుడి కథ వేరు. బొగ్గు గనుల ఊళ్లో పుట్టినవాడు గనుక గనిలో ఉద్యోగమంటే ఇంటిల్లిపాదికీ ఆశే. సింగరేణి గుర్తుతో నియామక పత్రం మెయిల్‌లో వచ్చింది. వైద్య పరీక్షకని, యూనిఫారానికని మూడు విడతలుగా 42 వేలు పంపాడు. అందులో సగం అమ్మ గాజులు కుదువబెట్టి తెచ్చినవి. మోసమని తెలిశాక పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. సిగ్గట! సిగ్గుపడవలసింది దొంగ కదా. 1930కి వెంటనే ఫోన్ చేసి ఉంటే డబ్బు చేతులు మారకముందే ఖాతాను నిలిపివేసే అవకాశం ఉండేది. ఆలస్యమైన ప్రతి గంటా దొంగకే లాభం. కంప్యూటర్ సాయంతో వేరొకరిలా నటించి మోసగిస్తే సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. గల్ఫ్ ఉద్యోగాల ఉత్తరాలు వచ్చినప్పుడు ఏజెంటు పేరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి.

ఇదంతా విని ఈ-మెయిల్ జోలికే వెళ్లకూడదనుకునేవారున్నారు. మేము ఒప్పుకోం. దొంగ నాణేలున్నాయని అంగడి మానేస్తామా? కాకపోతే మన సరుకు గురించి మనం పంపే మెయిల్ కూడా అవతలివాడికి బెడదే కావచ్చు. ఎక్కడో వెయ్యి రూపాయలకు చిరునామాల జాబితా కొని, ముక్కూ మొహం తెలియని ఐదు వేల మందికి ప్రకటన పంపడం వ్యాపారమనుకుంటున్నారు మన కుర్రాళ్లు కొందరు. పరాయి ఇంటికి వెళ్తే సలాం చెప్పి, అనుమతి అడిగి లోపలికి వెళ్లాలనీ, తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవాలనీ నూర్ సూరాలో ఉన్న మర్యాద మనకు చిన్నప్పుడే నేర్పారు. మెయిల్ పెట్టె కూడా ఇల్లే. 2024 నుంచి గూగుల్ సంస్థ కూడా రోజుకు ఐదు వేలకు మించి ప్రకటనలు పంపేవారు 'ఇక వద్దు' అనే మీటను ఒక్క నొక్కుతో పనిచేసేలా పెట్టాలని నియమం చేసింది. వెయ్యి మందిలో ముగ్గురు ఫిర్యాదు చేసే స్థితి వస్తే ఆ మెయిళ్లు చేరడమే కష్టం.

మహబూబాబాద్‌లో మిర్చి వ్యాపారం చేసే ఓ పెద్దాయన పద్ధతి మాకు నచ్చింది. మానుకోట మార్కెట్‌కు వచ్చి సరుకు చూసుకుని, మెయిల్ పంపమని తామే చెప్పిన 43 మంది చిరునామాలే ఆయన దగ్గరున్నాయి. ఒకరి చిరునామా మరొకరికి కనబడకుండా బీసీసీ గడిలో పెట్టి పంపుతారు. తన పేరు, దుకాణం, ఫోన్ నంబరు కింద రాస్తారు. పోయిన సీజన్‌లో ఆయన పంపిన మెయిల్ మాకు చదివి వినిపించారు. తేజ రకం ఎన్ని బస్తాలున్నదీ, అందులో తాలు ఎంతున్నదీ, వానకు తడిసి ఆరబెట్టిన బస్తాలు ఎన్నో విడిగా రాశారు. తడిసిన సంగతి ఎందుకు రాశారని అడిగాం. ప్రవక్త (స) అంగడిలో ధాన్యపు రాశిలో చెయ్యి పెడితే వేళ్లకు తడి తగలడం, తడిసిన గింజల్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని వర్తకుణ్ణి ఆయన మందలించడం మనమంతా విన్నదే కదా అన్నారు. "మెయిల్‌లో చెయ్యి పెట్టి చూసుకునే వీలుండదు బేటా. అందుకే నేనే చెప్పాలి."

ఆ బస్తాలకు ధర తగ్గింది. అయినా ఇద్దరు కొన్నారు. ఒకరు మాత్రం ఇక పంపవద్దని జవాబిచ్చారట. ఆ పేరు మీద గీత కొట్టిన నోటుపుస్తకం తీసి మాకు చూపించారాయన. ఇప్పుడు 42 మంది.