నాన్న అంబాసిడర్ బాగోగులు

జంషెడ్‌పూర్‌ కద్మాలో మా ఇంటి ముందున్న 1984 నాటి అంబాసిడర్ నాన్న కొన్నది. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో వీటి తయారీ ఆగిపోయింది. అప్పటినుంచి ప్రతి విడిభాగాన్నీ వెతికి పట్టుకోవాల్సిందే.

మా ఊళ్లో వానలు గట్టిగా పడతాయి. తలుపుల అడుగున, రబ్బరు మ్యాట్ల కింద నీరు నిలిచి రేకు తుప్పు పడుతుంది. వానాకాలం వెళ్లగానే మ్యాట్లన్నీ తీసి ఎండబెట్టి, తుప్పు గీకి, ప్రైమర్ వేస్తాను. పైరంగు కంటే ఈ పనే ముఖ్యం.

అన్నిటికన్నా నాకు భయం బ్రేకులంటేనే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమతో వీల్ సిలిండర్లు లోలోపల తుప్పు పడతాయి, రబ్బరు కప్పులు కారతాయి, పెడల్ మెత్తబడుతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్పిస్తాను. డబ్బుకి వెనకాడను.

కదలకుండా నిలబెట్టిన కారు ఇంకా త్వరగా పాడవుతుంది. కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. ఇప్పుడొస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు గొట్టాలకు పడదు. వాటిని ఇథనాల్‌ని తట్టుకునే రకంతో మార్పించుకోవడం మేలు.

కాగితాల పనీ ఉంది. సొంత కారుకి 15 ఏళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది.

పాత కారు కొనాలనుకుంటే ముందు దాన్ని లిఫ్టు మీద ఎక్కించి, అడుగుభాగం చూడండి. రంగు తర్వాత చూడొచ్చు.