పెరటి వెదురు – పిలకకూ తల్లి వయసే

ఆయుర్వేదం వెదురును 'వంశము' అంటుంది. దగ్గుకు వాడే సితోపలాది చూర్ణంలోని వంశలోచనం ముళ్ళ వెదురు కణుపుల మధ్య లభించేదే. ఆ పేరులోని మరో అర్థం నాకు జైనూర్‌లోని మా పెరటిలో బోధపడింది.

ఆదిలాబాద్ అడవుల్లో విరివిగా పెరిగే సాధన వెదురు పిలకను ఒక పాత పొద నుండి తెచ్చి నాటాను. నాలుగేళ్లకే పొదంతా పూసి, గింజలు రాల్చి ఎండిపోయింది. తెగులని భ్రమించాను. నిజానికి ఈ జాతి సాధారణంగా 25–45 ఏళ్లకొకసారి మూకుమ్మడిగా పూసి మరణిస్తుంది. పిలక తల్లి దుంపలోని భాగమే కనుక తల్లి వయసే దానికీ సంక్రమిస్తుంది.

కావున పిలక తెచ్చుకొనే ముందు పొద వయసును విచారించండి. ఏడాది బొంగును మీటరు ఎత్తున కోసి, దుంప, వేళ్లు చెడకుండా త్రవ్వి, తొలకరిలో నాటండి. వయసు తెలియనప్పుడు గింజలతో పెంచిన నారే శ్రేయస్కరం.

లేత వెదురు కొమ్ములు చక్కని కూర. అయితే పచ్చివాటిలో సైనైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది. సన్నగా తరిగి, బాగా ఉడికించి, ఆ నీటిని తప్పక పారబోయాలి.

రాలిన గింజలను ఆ తొలకరిలోనే నారు పోశాను. నా మనుమలు పెద్దవారయ్యేదాకా ఈ కొత్త పొద పూయదని నా ఆశ.