మాటకు భాషాముద్ర: కంప్యూటరు పదపట్టికల్లో ఒక ముఖ్య విషయం

ఒకే వస్తువుకు పలు భాషల్లో పలు పేర్లు ఉండడం సహజం. ఒకే అక్షరాల కూర్పు రెండు భాషల్లో రెండు అర్థాలనివ్వడం కూడా అంతే సహజం. మనిషి సందర్భాన్ని బట్టి ఈ భేదాన్ని గ్రహిస్తాడు. కంప్యూటరుకు మాత్రం ఏ మాట ఏ భాషకు చెందినదో విడిగా చెప్పవలసి ఉంటుంది.

నిజామాబాద్ జిల్లాలోని రెంజల్ మండలాన్నే తీసుకోండి. ఈ మండలంలోని కందకుర్తి వద్ద మంజీరా, హరిద్రా నదులు గోదావరిలో కలుస్తాయి. మహారాష్ట్ర సరిహద్దు ఆ పక్కనే. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపించే ప్రాంతమిది. సమీపంలోని బోధన్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతబడింది గాని, చెరకు వెంట వచ్చిన మాటలు నిలిచే ఉన్నాయి. తెలుగువారి చెరకు ఉర్దూలో గన్నా, మరాఠీలో ఊస్. మన చక్కెర ఉర్దూలో షకర్. శక్కర్‌నగర్ అనే పేరు ఆ మాట నుండే వచ్చింది.

ఇటువంటి వస్తువులను తరగతులుగా విభజించి, వాటి మధ్యగల సంబంధాలను కంప్యూటరుకు బోధపడే విధంగా రాసిన పట్టికను ఆంటాలజీ అంటారు. దానిని తయారుచేసే సాధనాల్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ప్రొటెజే ప్రసిద్ధమైనది. ఈ పట్టికలో ప్రతి వస్తువుకూ ఒక గుర్తింపు సంఖ్య, దాని పక్కన ఎన్ని పేర్లైనా ఉండవచ్చు. ఈ పేర్లనే లేబుళ్లు అంటారు. ప్రతి లేబుల్ చివర దాని భాషను తెలిపే చిన్న సంకేతం చేర్చవచ్చు: తెలుగుకు టి-ఇ, ఉర్దూకు యు-ఆర్, అరబ్బీకి ఎ-ఆర్, మరాఠీకి ఎం-ఆర్. ఈ సంకేతాల కూర్పుకు 2009లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సి 5646 అనే ప్రమాణం ఆధారం.

లిపిని చూస్తే భాష తెలియదా అనే ప్రశ్న ఇక్కడ ఉదయించవచ్చు. తెలియదు. దేవనాగరిలో రాసిన మాట మరాఠీ కావచ్చు, హిందీ కావచ్చు. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూల సంగతి మరీ సున్నితమైనది. జీమ్, లామ్, వావ్, సీన్ అనే నాలుగు అక్షరాలు కలిస్తే 'జులూస్' అవుతుంది. అరబ్బీలో దాని అర్థం కూర్చోవడం, ఉర్దూలో ఊరేగింపు. ఈ నాలుగు అక్షరాలు కంప్యూటరు లోపల కూడా రెండు భాషలకూ ఒక్కటే. 'గరీబ్' అన్నది ఉర్దూలో బీదవాడు, అరబ్బీలో అపరిచితుడు, పరదేశి. హదీసు పదాల పట్టికలో ఈ మాటకు భాషాసూచిక లోపిస్తే, పరదేశిని గురించిన బోధ బీదరికాన్ని గురించినదిగా చదువరికి చేరే ప్రమాదం ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో ఏర్పడిన దారుత్తర్జుమా ఉర్దూలో శాస్త్ర పదాలను కల్పించడానికి అరబ్బీ, ఫార్సీ మూలాలను విరివిగా వాడుకున్నది. ఆ పదసంపదను కంప్యూటరులోకి ఎక్కించేవారికి కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది.

వేల లేబుళ్లకు సూచికను ఒక్కొక్కటిగా చేర్చడం విసుగు పుట్టించే పని. అందుకే ప్రొటెజేలో దానిని యాంత్రికంగా చేర్చే ఏర్పాటున్నది. ప్రిఫరెన్సెస్‌లోని 'న్యూ ఎంటిటీస్' విభాగంలో గుర్తింపు సంఖ్య తనంతట తానే పడేటట్లు, పేరు లేబుల్‌గా నమోదయ్యేటట్లు, ఆ లేబుల్‌కు కోరిన భాషాసంకేతం చేరేటట్లు ముందే నిర్ణయించవచ్చు. ఆ తరువాత సృష్టించే ప్రతి వస్తువు పేరుకూ ఆ సంకేతం అంటుకొని వస్తుంది. పేర్లను చూపించేటప్పుడు ముందు తెలుగు, అది లేకుంటే ఉర్దూ అన్నట్లు వరుసను కూడా నిర్ణయించుకోవచ్చు. సూచికలు లేనిచోట ఈ వరుసకు అర్థం ఉండదు.

అయితే మూడు విషయాలు గమనించాలి. మొదటిది, ఈ ఏర్పాటు కొత్త వస్తువులకే వర్తిస్తుంది; పాత లేబుళ్లు అలాగే ఉండిపోతాయి. సూచిక ఉన్న 'చెరకు', సూచిక లేని 'చెరకు' కంప్యూటరు దృష్టిలో రెండు వేర్వేరు విలువలు. ఒకదాని కోసం యథాతథంగా వెదికితే రెండవది దొరకదు. పాతవాటిని సవరించడానికి 2013 నాటి స్పార్కల్ 1.1 భాషలో స్ట్ర్‌లాంగ్ అనే ప్రక్రియ ఉన్నది. అది పేరుకు సూచికను జతచేసి ఇస్తుంది.

రెండవది, యంత్రం భాషను పరీక్షించదు. చెప్పిన ముద్రనే వేస్తూ పోతుంది. ఉదయం తెలుగు పేర్లు ఎక్కించి, మధ్యాహ్నం ఉర్దూ పేర్లు మొదలుపెట్టినవారు సంకేతం మార్చకపోతే, ఉర్దూ మాటలన్నీ తెలుగు ముద్రతో నమోదవుతాయి. సూచిక లేని లేబుల్‌ను వెదికి పట్టుకోవచ్చు. తప్పు సూచిక గల లేబుల్ మాత్రం సరైనదానివలెనే కనిపిస్తుంది. కనుక ఒక్కో భాషను ఒక్కో విడతగా ఎక్కించి, విడత చివర ఆ భాష తెలిసినవారిచేత సరిచూపించడం మేలు.

మూడవది, తెలుగు లిపిలో ఉన్న ఉర్దూ సంగతి. తెలుగు వాక్యంలో కలిసిపోయిన నమాజ్, రోజా, జకాత్ వంటి మాటలకు మూలం ఏదైనా తెలుగు సూచికే తగినది. సూచిక చెప్పేది మాట వాడుకలో ఉన్న భాషను, దాని పుట్టుకను కాదు. కాని ఉర్దూ లిపి రానివారి కోసం ఉర్దూ వాక్యాన్నే తెలుగు అక్షరాల్లో రాస్తే అది ఉర్దూయే. ప్రమాణం ప్రకారం యు-ఆర్ తరువాత తెలుగు లిపి సంకేతమైన టి-ఇ-ఎల్-యు చేర్చాలి. ఉర్దూ మాట్లాడుతూ తెలుగు చదివే కుటుంబాలున్న ఈ జిల్లాలో ఇటువంటి లేబుళ్లు అరుదు కావు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థవారి ఆగ్రోవాక్ పదకోశంలో అనేక భాషలతో పాటు తెలుగుకూ స్థానమున్నది. ఒకే భావన కింద ఇన్ని భాషల పేర్లు కలిసిపోకుండా నిలవడానికి సూచికలే ఆధారం. అది పాటించే స్కాస్ ప్రమాణం ప్రకారం ఒక భావనకు ఒక్కో భాషాసూచికతో ఒకే ప్రధాన నామం ఉండాలి. ఉర్దూ 'గన్నా'ను పొరపాటున తెలుగు ముద్రతో చేర్చితే, అది 'చెరకు'తో పోటీపడి నియమభంగం చేస్తుంది.

తొలినాటి అరబ్బీ రాతలో అనేక అక్షరాలకు చుక్కలుండేవి కావు; బే, తే, సే ఒకే రూపంలో కనిపించేవి. చదువరి పొరపడకుండా తరువాతివారు చుక్కలను స్థిరపరచారు. అక్షరానికి చుక్క ఎటువంటిదో, కంప్యూటరు పట్టికలోని మాటకు భాషాసూచిక అటువంటిది. దానిని వేసే శ్రమను యంత్రానికి అప్పగించవచ్చు. అది సరైనదేనని చెప్పవలసిన బాధ్యత మాత్రం ఆ భాష ఎరిగిన మనిషిదే.