మూల గీకే జెర్బిల్

హైదరాబాద్ శాలిబండ నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఇంట్లో జెర్బిల్ జంట ఉందట. అందులో ఒకటి రాత్రనక పగలనక గాజుతొట్టి మూలనే ముందుకాళ్లతో గీకుతుందట. పారిపోవాలని చూస్తోందా అని ఆమె అనుమానం. ఈ ప్రశ్న చదివాక ఈ నెలకు అనుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను.

పరిచయం రెండు ముక్కల్లో: ఇళ్లలో పెంచేది మంగోలియా జెర్బిల్. ఎలుకలకు చుట్టమే, కానీ తోక నిండా వెంట్రుకలు, చివర కుచ్చు. 1935లో జపాన్ వాళ్లు పట్టుకెళ్లిన 20 జతల సంతతి 1954లో అమెరికా ప్రయోగశాలలకు, అక్కడి నుంచి ఇళ్లకు చేరింది. మన చేలల్లో బొరియలు తవ్వే జెర్బిల్ వేరే జాతి.

ఇక గీకుడు సంగతి. పెంపుడు జీవాలు అమ్మే ముర్గీ చౌక్ దగ్గర్లో ఉన్నవాళ్లకు పెంపుడు జీవాల మీద సలహాలకు కొదవేముంది! పొట్టు ఇంకా పోయండి, ఇసుక వేయండి, తవ్వుకుని అలిసిపోతుంది అన్నారట. ఈ మాట వినడానికి సబబుగానే ఉంటుంది. 1973లో నోబెల్ అందుకున్న కొన్‌రాడ్ లోరెంజ్ అంతటివాడి ఆలోచనా దాదాపు ఇదే: జంతువులో ఒక్కో పనికి ఒక్కో ఉబలాటం ఊరుతూ ఉంటుంది, ఆ పని చేస్తే తీరుతుంది.

తీరదని జెర్బిళ్లే చూపించాయి. జ్యూరిక్‌లో క్రిస్టోఫ్ వీడెన్‌మాయర్ అనే పరిశోధకుడు కొన్ని పిల్లలను పొడి ఇసుకలో పెంచాడు. అవి కావలసినంత తవ్వాయి. తవ్వి కూడా మూలలు గీకే అలవాటులో పడ్డాయి. మరికొన్నిటికి కట్టి పెట్టిన బొరియ ఇచ్చాడు: ఒక సొరంగం, దాని చివర ఒక గది. వాటికి ఆ అలవాటే రాలేదు! 1997లో అచ్చయిన ఈ ఫలితం నాకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటే. జెర్బిల్‌కు తవ్వకం మీద మోజేమీ లేదన్నమాట, దానికి కావలసింది బొరియ. స్టెప్పీ గడ్డిమైదానాల నేలలో తవ్వుతూ పోతే కాసేపటికి చుట్టూ గోడలు ఒంటికి తగులుతాయి, పని ఆగుతుంది. పొడి ఇసుకలో సొరంగం నిలవదు. గాజు మూల లొంగదు. ఆగమనే కబురు ఎటునుంచీ రాదు. ట్యాంకుకు చిల్లి పడితే ఫ్లోట్ లేవక మోటారు తిరుగుతూనే ఉన్నట్టు, కాళ్లు ఆడుతూనే ఉంటాయి.

2004లో అదే జ్యూరిక్ నుంచి ఎవా వైబ్లింగర్, బార్బరా కోనిగ్ ప్రయోగశాలల పంజరాలకు సిఫారసు చేసిందీ ఇదే: చీకటి గది, దానికి గొట్టం దారి. మన దుకాణాల్లో అమ్మే బొమ్మరిళ్లేమో పారదర్శకమైన ప్లాస్టిక్‌వి. చూసే మనకు సరదా, లోపలున్న దానికి చీకటే ఉండదు.

ఏం చేయాలంటారా? ప్లాస్టిక్ పైపు కొరికి ముక్కలు మింగుతుంది, అట్టగొట్టం ఎక్కువ రోజులు నిలవదు. పాతబస్తీలో పాత ఇళ్లు విప్పేచోట గూన పెంకులు దొరుకుతాయి. కడిగి, రెండింటిని ఎదురెదురుగా బోర్లిస్తే సొరంగం. దాని చివర, అంచు పగలగొట్టి నునుపు చేసిన మట్టి ముంత. ఇవి తొట్టి అడుగునే ఆనాలి, పొట్టు మీద పెడితే కింద తవ్వుకుని నలిగిపోతుంది. ముదిరిన అలవాటు మాత్రం పూర్తిగా పోకపోవచ్చు. పిల్ల పుట్టిన కొద్ది వారాల్లోనే ఈ గీకుడు పట్టుకుంటుంది, అంటే మీ ఇంటికి రాకముందే.