పదిహేనా... ఇరవయ్యా?

అమెరికా పెరట్లో గ్యాస్ బండ అయిపోతే మార్చుకోవాలా, నింపించుకోవాలా?

డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో వేసవి శనివారం సాయంత్రం తెలుగువాళ్ల పెరట్లోకి వెళ్తే తరచూ రెండు మంటలు కనిపిస్తాయి. గ్రిల్ మీద చికెన్ ముక్కలు, మొక్కజొన్న పొత్తులు కాలుతుంటాయి. పక్కన ఇనుప స్టాండు మీద పెద్ద బిర్యానీ డేగిసా ఉంటుంది. ఇల్లంతా మసాలా వాసన పట్టకుండా వంటను బయటికి తెచ్చిన ఘనత కింద కూర్చున్న పొట్టి బండది. దాని పేరు ఇరవై పౌండ్ల ప్రొపేన్ సిలిండర్.

అది ఖాళీ అయితే దారులు రెండు. సూపర్‌మార్కెట్ బయట, పెట్రోలు బంకు పక్కన ఇనుప బోనులో తాళం వేసి ఉంచిన బండలుంటాయి. ఖాళీది అప్పగించి, డబ్బు కట్టి, వేరొకటి తెచ్చుకోవచ్చు. లేదా మన బండనే యూ-హాల్‌కో, ట్రాక్టర్ సప్లై దుకాణానికో, గ్యాస్ నింపే సదుపాయమున్న కాస్ట్‌కోకో తీసుకెళ్లి నింపించుకోవచ్చు. మొదటిది ఐదు నిమిషాల పని. రెండోదానికి నింపే మనిషి ఖాళీ అయ్యేదాకా నిలబడాలి. అందుకే చాలామంది బోను దారే పడతారు.

ఈ వాదన ఎక్కడ మొదలైనా ఓపిక, డబ్బు దగ్గరే ఆగిపోతుంది. నా మటుకు నాకు అసలు సంగతి తూకం. విజయవాడలోనో, వరంగల్‌లోనో గ్యాస్ బాయ్ బండ దింపితే ముందు సీలు చూస్తాం. అనుమానమొస్తే కాటా వేయమంటాం. బండ మీద రాసిన ఖాళీ బరువుకు 14.2 కిలోలు కలిపి, ముల్లు అక్కడికి వస్తుందో లేదో నిలబడి చూస్తాం. అక్కడ బండ కంపెనీది, మనకు మార్పిడే గతి, కాబట్టి తూకం దగ్గర గట్టిగా ఉంటాం. అదే మనిషి అమెరికాలో బోనులోంచి బండ తీసి కారు వెనక పెట్టేటప్పుడు లేబుల్ కూడా చదవడు.

చదివితే అక్కడ సాధారణంగా కనిపించే అంకె 15. ఇరవై పౌండ్ల బండలో పదిహేను పౌండ్ల గ్యాస్, అంటే సుమారు 6.8 కిలోలు. ఇది దొంగతనం కాదు, లేబుల్ మీద అచ్చేసి చెప్పిన మాటే. ఒకప్పుడు అందులో 17 ఉండేది. 2008లో ఈ మార్పిడి వ్యాపారంలో పెద్దవైన రెండు కంపెనీలు, బ్లూ రైనో బ్రాండు నడిపే ఫెరెల్‌గ్యాస్, దాని పోటీదారు అమెరిగ్యాస్, దాన్ని 15కు దించాయి. ధర మాత్రం దించలేదు. బిస్కెట్ ప్యాకెట్ ధర ముట్టుకోకుండా లోపల రెండు బిస్కెట్లు తగ్గించే పాత కిటుకే ఇది. వాల్‌మార్ట్ మొదట ఒప్పుకోలేదు. అప్పుడు రెండు కంపెనీలూ కూడబలుక్కుని ఆ సంస్థ మీద ఒత్తిడి తెచ్చాయని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014లో అభియోగం మోపింది. దేశంలో ఈ టోకు వ్యాపారంలో దాదాపు 80 శాతం ఆ రెండింటి చేతిలోనే ఉందని కూడా చెప్పింది. గ్యాస్ తగ్గించడం కాదు, కలిసి తగ్గించడమే ఆ అభియోగం. కేసు రాజీతో ముగిసింది. బండలో ఎంత నింపాలన్న దాని మీద పోటీదారులతో ఒప్పందాలు చేసుకోకూడదన్న ఆదేశం వచ్చింది. పదిహేను మాత్రం పదిహేనుగానే ఉండిపోయింది.

నింపించుకుంటే ఇరవై, మార్చుకుంటే పదిహేను. ఆ ఐదు పౌండ్ల తేడా పొయ్యి మీద ఎంతసేపో చూద్దాం. పౌండు ప్రొపేన్ సుమారు 21,500 బీటీయూల వేడినిస్తుంది. గంటకు 30,000 బీటీయూలు తాగే గ్రిల్‌ను పూర్తి మంట మీద వదిలేస్తే ఇరవై పౌండ్లు పద్నాలుగు గంటలు వస్తాయి, పదిహేను పదిన్నర దాటి కొంచెం. తేడా మూడున్నర గంటలు. బిర్యానీ బర్నర్లు గ్రిల్ కంటే ఎక్కువ తాగుతాయి కనుక వాటి మీద లెక్క ఇంకా తొందరగా తేలిపోతుంది. ధరలు ఊరికో రకం. ఉదాహరణకు మార్పిడి బండ 24 డాలర్లు, నింపేచోట గ్యాలన్ 4 డాలర్లు అనుకుందాం. ఇరవై పౌండ్లంటే సుమారు 4.7 గ్యాలన్లు, అంటే 19 డాలర్ల లోపు. పౌండుకు ఒకచోట డాలరూ అరవై సెంట్లు, ఇంకోచోట డాలరు లోపే.

ఇంకో నష్టం ఎవరి కంటా పడదు. రేపు పార్టీ ఉందని అడుగున గ్యాస్ మిగిలిన బండను ముందు జాగ్రత్తగా మార్చేస్తే ఆ మిగులు కూడా బోనులోకే పోతుంది. గ్యాలన్ లెక్కన నింపేచోట పట్టినంతకే బిల్లు. కొన్ని దుకాణాలు సగం ఖాళీ అయినా, మొత్తం ఖాళీ అయినా ఒకటే ధర తీసుకుంటాయి. అక్కడికి బండను పూర్తిగా అవగొట్టాకే వెళ్లాలి. మీటరు ప్రకారమా, బండకింతనా అన్నది ముందే అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

నింపే పని చూడటం నాకు సరదా. శిక్షణ పొందిన మనిషి ముందు బండను తిప్పి తిప్పి చూస్తాడు. తుప్పు, సొట్టలు, మెడ మీద తేదీ. గొట్టం బిగించి, పక్కనున్న చిన్న స్క్రూ వదులు చేస్తాడు. బుస్సుమని ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి తెల్లటి తుంపరగా మారిందంటే ద్రవం 80 శాతం గీతకు చేరినట్టు. వెంటనే ఆపేస్తాడు. మిగిలిన ఇరవై శాతం ఎండకు ప్రొపేన్ ఉబ్బడానికి వదిలిన జాగా. దాన్ని కూడా నింపమని బతిమాలేవాళ్లుంటారు. టెక్సస్ ఎండలో నిలిపిన కారు లోపల ఎలా ఉంటుందో వాళ్లకు తెలియక కాదు.

బోనుకు న్యాయం చేయాలంటే మాత్రం బండ మెడ దగ్గరికి వెళ్లాలి. అక్కడ చెక్కిన నెల, సంవత్సరం తయారీ తేదీ. సాధారణంగా అప్పటి నుంచి 12 ఏళ్లు దాటితే మళ్లీ పరీక్ష చేయించనిదే నింపరు. పైపైన చూసి చేసే పరీక్ష అయితే తేదీ పక్కన ‘ఈ’ అక్షరం కొడతారు, అది ఐదేళ్లకు చెల్లుతుంది. వాల్వు పిడి మూడు మూలలది కాకపోయినా చాలా రాష్ట్రాల్లో నింపడం కుదరదు. అతిగా నిండకుండా ఆపే పరికరం ఉందనడానికి ఆ మూడు మూలలే గుర్తు. 2002 ఏప్రిల్ నుంచి అది లేని ఇంటి బండల్ని నింపొద్దన్న నియమం వచ్చింది. అలాంటి ముసలి బండను సాధారణంగా బోను కాదనకుండా తీసుకుని, బదులుగా పరీక్షించి రంగు వేసింది ఇస్తుంది. తేదీ మీరిన బండను ఒక్కసారి మార్చుకోండి, వచ్చినదాని మెడ మీద తేదీ చూసుకోండి, అక్కడి నుంచి దాన్నే నింపించుకుంటూ పోండి. కొత్తగా కొన్న బండను తొలి ఖాళీకే బోనులో పెట్టి ఎవరి తుప్పుదో ఇంటికి తెచ్చుకునేవాళ్లను చూస్తే మాత్రం జాలేస్తుంది.

ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి స్నానాల గదిలో బరువు చూసుకునే కాటా చాలు. మెడ మీద ‘టీడబ్ల్యూ’ అక్షరాల పక్కనున్నది ఖాళీ బరువు, పౌండ్లలో. ఈ సైజు బండకు పదిహేడుకు అటూఇటూ ఉంటుంది. కాటా చూపినదాంట్లోంచి అది తీసేస్తే మిగిలిందే గ్యాస్. బోను నుంచి తెచ్చిన రోజు కూడా ఇదే పని చేయొచ్చు.

ఆదివారం రాత్రి, దమ్ము మీద ఉన్న బిర్యానీ కింద మంట చప్పున ఆరిపోతే నింపే కౌంటర్ మూసి ఉంటుంది, రాత్రంతా తెరిచే దుకాణం ముందు బోను ఉంటుంది. మార్పిడి బండ ధరలో పెద్ద భాగం ఈ అగత్యానిదే. దీనికి విరుగుడు రెండో బండ కొనుక్కోవడం. కొత్తది ఖాళీగానే అమ్ముతారు. లోపలి గాలిని బయటికి తోసే పని మొదటిసారి నింపేవాళ్లే చేస్తారు, కొత్తదని ముందే చెప్పాలి. నిండాక కారులో నిటారుగా, దొర్లకుండా, వాల్వుకు మూత పెట్టి, కిటికీలు కాస్త దించి తేవాలి. ఇంటికి వచ్చాక ఈ అదనపు బండను గరాజ్‌లో దాచకూడదు, గ్రిల్ కిందా పెట్టకూడదు. పెరట్లో గోడ వారగా, నీడన, పిల్లల చేతికి అందని చోట ఉంచాలి.