ముసలి ట్రక్కు... తుప్పు వదిలింది!

రంగు వెలిసిపోయి ఉంటుంది. సీటు చిరిగి స్పాంజి బయటికొస్తుంటుంది. తలుపు తీస్తే కిర్రుమంటుంది. మన దగ్గరైతే అలాంటి బండిని పాత ఇనుప సామాన్ల కొట్టుకు తూకానికి వేసేస్తారు. అమెరికాలో మాత్రం అది కనిపిస్తే చాలు, కొందరు ఎగిరి గంతేస్తారు. ఇంటికి లాక్కొచ్చి షెడ్డులో పెట్టి, నెలల తరబడి ఆదివారాలన్నీ దానికే రాసిచ్చేస్తారు. ఇంతకీ ఏమిటా బండి అంటారా? ఎనభైల నాటి టయోటా పికప్. నాలుగు సిలిండర్ల బుల్లి ట్రక్కు!

కోడి తెచ్చిన తంటా

ఈ ట్రక్కు 1968లో జపాన్‌లో హైలక్స్ పేరుతో పుట్టింది. డెబ్బైల్లో అమెరికాలో ఆ పేరు తీసేసి ఉత్త 'పికప్' అని అమ్మారు. అక్కడికి రావడానికి దానికో చిక్కు ఉండేది. అమెరికా కోడిమాంసం మీద ఐరోపా దేశాలు సుంకం పెంచితే, అందుకు బదులుగా 1964లో అమెరికా దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్లూ కోళ్లూ కొట్లాడుకుంటే దెబ్బ ట్రక్కుల మీద పడిందన్నమాట! దాన్ని తప్పించుకోవడానికి వెనక తొట్టి లేకుండా ఛాసిస్, క్యాబిన్ మాత్రమే ఓడలెక్కించేవారు. తొట్టెలు 1972 నుంచి కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తయారయ్యేవి. 1980లో ఆ దారి కూడా మూసేశారు.

ఇక 1981లో వచ్చింది '22ఆర్' ఇంజిన్. 2,366 సీసీ. పోత ఇనుము బ్లాకు, పైన అల్యూమినియం హెడ్. దీన్నే తర్వాత ఫ్యూయెల్ ఇంజెక్షన్‌తో '22ఆర్ఈ'గా మార్చారు. అప్పుడు కూడా శక్తి 116 హార్స్‌పవర్‌కు అటూ ఇటూ. పరుగు పందేలకు పనికిరాదు కానీ, వేళకు ఆయిల్ మారిస్తే ఏళ్ల తరబడి చాకిరీ చేస్తుంది. దీని అన్నదమ్ముల గట్టిదనాన్ని 2003లో బీబీసీ 'టాప్ గేర్' కార్యక్రమం లోకానికి చూపించింది. ఓ పాత డీజిల్ హైలక్స్‌ను సముద్రంలో ముంచారు, నిప్పు పెట్టారు, కూల్చే భవనం మీద నిలబెట్టారు. అయినా స్టార్టయింది!

గలగలమంటే జాగ్రత్త

అంతటి మొండి ఇంజిన్‌కూ ఓ బలహీనత ఉంది. అదే టైమింగ్ చైన్. తొలి రకాల్లో జంట వరసల చైన్ ఉండేది. తర్వాత ఒంటి వరస చైన్, దానికి దారి చూపే ప్లాస్టిక్ పట్టీలు వచ్చాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఈ పట్టీలు పెళుసుబారి విరిగిపోతాయి. అప్పుడు అదుపు తప్పిన చైన్ అల్యూమినియం కవర్‌ను కోసుకుంటూ పోతుంది. కవర్ చిల్లుపడితే కూలెంట్ వెళ్లి ఆయిల్‌లో కలుస్తుంది. బేరింగులు దెబ్బతింటాయి. ఇంజిన్ కథ ముగుస్తుంది.

ముందే కనిపెట్టొచ్చు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ముందు వైపు గలగలమని చప్పుడు వస్తే అనుమానించాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే బండిని కదపకూడదు. తెలిసినవాళ్లు చైన్, పళ్ల చక్రాలు, టెన్షనర్ అన్నీ ఒకేసారి మార్చి, ఉక్కు దన్ను ఉన్న పట్టీలు వేస్తారు. పనిలో పనిగా వాటర్ పంపు, ఆయిల్ పంపు కూడా. ఒక్కటి మర్చిపోకూడదు. హెడ్ ముందు భాగంలో, ఆయిల్ నిలిచే గుంటలో ఓ బోల్టు దాక్కుని ఉంటుంది. అది విప్పకుండా హెడ్‌ను బలవంతంగా లేపితే కవర్ పగులుతుంది!

అసలు శత్రువు కింద

ఇంజిన్ పాడైతే మార్చుకోవచ్చు. ఛాసిస్ కుళ్లితే? ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది ఛాసిస్ లోపలికి చేరి ఇనుమును లోపల్నుంచే తినేస్తుంది. అందుకే బేరమాడే ముందు బండి కింద దూరి సుత్తితో కొట్టి చూస్తారు. ఖంగుమంటే సరే. డబ్బుమంటే దండం పెట్టి వచ్చేయడమే మేలు. ముఖ్యంగా కమాన్ కట్టలు బిగించే చోట్ల చూడాలి. పైన మెరిసే రంగు చూసి మోసపోయేవాళ్లే ఎక్కువ.

ఎత్తు పెరిగితే...

బాగుచేయడం ఒక సరదా అయితే, మార్చడం ఇంకో సరదా. కొండదారుల్లో తిప్పేవాళ్లకు 1985 వరకూ వచ్చిన ఫోర్‌వీల్ డ్రైవ్ రకాలంటే ప్రాణం. వాటికి ముందు కూడా గట్టి ఇరుసు ఉంటుంది. శక్తి చాలదనుకుంటే తర్వాతి టకోమా ట్రక్కులోని 2.7 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ తెచ్చి బిగిస్తారు.

బండి ఎత్తు పెంచి పెద్ద టైర్లు వేసే దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. లెక్క చూడండి. 28 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే, స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు బండి దాదాపు 118 వేగంతో పోతుంటుంది. ఇరుసులో గేర్లు మార్చకపోతే ఎత్తెక్కలేక ఇంజిన్ ఆయాసపడుతుంది. అంతకన్నా ప్రమాదం ఇంకోటుంది. వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరాన్ని బట్టి, తొట్టిలో బరువెంతుందో అంచనా వేసి వెనక బ్రేకుల బలాన్ని సర్దే వాల్వ్ ఒకటుంటుంది. ఎత్తు పెంచగానే బండి ఖాళీగా ఉందనుకుని అది వెనక బ్రేకులను తగ్గించేస్తుంది. తొట్టి నిండా బరువుతో దిగువకు వస్తున్నప్పుడు సంగతి ఊహించుకోవచ్చు! దాని బ్రాకెట్ సర్దడం, బ్రేక్ గొట్టాల పొడవు పెంచడం మానకూడదు.

మన దగ్గర కుదురుతుందా?

హైలక్స్ మన దేశ మార్కెట్లోకి 2022లో వచ్చింది. పాత జీపులను, వ్యాన్లను ఇలా మార్చుకోవాలనే ఉబలాటం మనవాళ్లకూ ఉంది. అయితే తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. మరోవైపు 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడని సొంత వాహనాలకు 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. అంటే మార్చినవాడికి చిక్కు, కాపాడినవాడికి గౌరవం!

ఏ దేశంలోనైనా పాత బండి పనికి వరస ఒక్కటే. ముందు ఛాసిస్, తర్వాత బ్రేకులు, ఆ తర్వాత ఇంజిన్. రంగు, సోకులు అన్నీ చిట్టచివర. ఆ వరస తిరగబడితే మిగిలేది ఫొటోలకు పనికొచ్చే బండే!